ఇంటి నుంచి ఆఫీసు పని: వీపీఎన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఇళ్ల నుంచి పనిచేసే సిబ్బంది ఉన్న చిన్న సంస్థల యజమానులు, ఆ సిబ్బంది కూడా, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగానే వేసుకునే, ఇతరులు చదవలేని మూసిన దారి) గురించి రాసిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు, సంస్థల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది పన్నెండు మంది పనిచేసే ఆడిట్ ఆఫీసు. కరోనా రోజుల అలవాటు కొద్దీ నలుగురు ఇప్పటికీ తెనాలి, నరసరావుపేటల్లోని తమ ఇళ్ల నుంచే పనిచేస్తున్నారు. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఆఫీసులో ఉంటుంది. మా కంప్యూటర్లు చూసే అబ్బాయి రూటర్‌లో పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరిచి, దూరం నుంచే కంప్యూటర్‌ను వాడనిచ్చే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వాళ్లు అందులోకి వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఇది ప్రమాదమని, వీపీఎన్ పెట్టుకోవాలని ఒక మిత్రుడు అంటున్నారు. పోర్ట్ నంబర్ మార్చేశాను కాబట్టి భయం లేదని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక చార్టర్డ్ అకౌంటెంట్, గుంటూరు

జవాబు: మీ మిత్రుడి మాట వినండి, అదీ ఈ వారంలోనే. రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా 3389 అనే పోర్ట్‌లో పనిచేస్తుంది. రూటర్‌లో దాన్ని తెరిచిపెట్టడమంటే మీ నలుగురు ఉద్యోగులకే కాక, ఇంటర్నెట్ ఉన్న లోకానికంతటికీ మీ ట్యాలీ కంప్యూటర్ లాగిన్ తెరను చూపించడం. నంబర్ మార్చడం వీధి తలుపు మూసి దొడ్డి తలుపు బార్లా తెరిచినట్టే ఉంటుంది, ఎందుకంటే ఇంటర్నెట్ చిరునామాలను, వాటి పోర్టులను ఒక్కొక్కటిగా తడిమి చూసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి, దొడ్డి తలుపును అవి వెతికి పట్టుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

కొంతకాలం కిందట మీలాంటి ఆఫీసులోనే ఒక కంప్యూటర్ ఊరికే నెమ్మదిస్తోందంటే చూడడానికి వెళ్లాను. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విఫలమైన లాగిన్‌లకు ఇచ్చే 4625 అనే నంబర్‌తో వడపోస్తే, తెరను ఎంత కిందికి జరిపినా జాబితా తరగలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు కూడా ఎవరో అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్1, అకౌంట్స్, ట్యాలీ అనే పేర్లతో వరసగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఆ ఆఫీసులో నిజంగానే ట్యాలీ అనే పేరుతో ఒక లాగిన్ ఉంది. దాని పాస్‌వర్డ్ ఆ వీధి పేరు, పక్కన 123. యజమాని ఆ తెరకేసి కాసేపు చూసి, “వీళ్లంతా ఎవరండీ?” అని అడిగారు. మనుషులు కారని, దొరికిన ప్రతి తలుపునూ తట్టే ప్రోగ్రాములని చెప్పాను. అప్పటికింకా ఎవరూ లోపలికి రాకపోవడం ఆయన అదృష్టమే తప్ప ఏర్పాటులోని గొప్పతనం కాదు.

గట్టి పాస్‌వర్డ్ పెడితే చాలదా అని మీ అబ్బాయి అడగవచ్చు. 2019 మే నెలలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియకుండానే కంప్యూటర్‌ను స్వాధీనం చేసుకునే వీలు కల్పించే లోపం అది. అందుకే మైక్రోసాఫ్ట్ తాను ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. తాళం ఎంత గట్టిదైనా తలుపే ఊడివచ్చే రోజు ఒకటి ఉంటుంది కాబట్టి, ఆ తలుపు వీధిలోకి కనిపించకుండా ఉండడమే మేలు.

వీపీఎన్ చేసేది సరిగ్గా ఆ పనే. ఉద్యోగి ఇంటి కంప్యూటర్‌కూ మీ ఆఫీసు రూటర్‌కూ మధ్య, మామూలు ఇంటర్నెట్ మీదుగానే, ఇతరులు చదవలేని ఒక మూసిన దారి ఏర్పడుతుంది. ముందు తానెవరో రుజువు చేసుకున్న కంప్యూటర్‌కే ఆ దారి తెరుచుకుంటుంది, ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్ కనిపిస్తుంది. అంటే మీ నలుగురూ ఇప్పుడు చేసే పనినే చేస్తారు, కాకపోతే ముందు ఒక మీట నొక్కుతారు.

ఏ రకం వీపీఎన్ అన్నది తర్వాతి ప్రశ్న. మీ రూటర్‌లో పీపీటీపీ అనే పేరు కనిపిస్తే దాని జోలికి పోవద్దు. అది 1990ల నాటిది, దానిలో వాడే పాస్‌వర్డ్ పద్ధతిని ఒక రోజులోపు ఛేదించవచ్చని 2012లోనే నిరూపించారు, ఆపిల్ సంస్థ 2016లో తన ఫోన్ల నుంచి, కంప్యూటర్ల నుంచి దాన్ని తొలగించింది కూడా. 2001 నుంచి వాడుకలో ఉన్న ఓపెన్‌వీపీఎన్ నమ్మదగినదే. మీలాంటి ఆఫీసుకు నేను సాధారణంగా వైర్‌గార్డ్‌ను ఎంచుకుంటాను. 2020 మార్చిలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నెల్‌లో భాగమైన ఈ ప్రోగ్రాము చాలా చిన్నది, దాని మూల కోడ్ సుమారు 4,000 వరసలే. పైగా సరైన తాళంచెవి లేనివారు తలుపు తడితే అది కనీసం పలకదు, కాబట్టి వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములకు అక్కడ తలుపు ఉన్నట్టే తెలియదు.

పెట్టేటప్పుడు మూడుచోట్ల మీ అబ్బాయి తట్టుకుంటాడు, ముందే చెప్పి ఉంచండి. రూటర్‌లో వ్యాన్ ఐపీ అని చూపే చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, మీ నెట్ కంపెనీ ఒకే బయటి చిరునామాను అనేకమందికి పంచి ఇస్తోందని అర్థం. అలాంటి కనెక్షన్‌కు బయటి నుంచి నేరుగా దారి వేయడం కుదరదు. కంపెనీవాళ్లను అడిగి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని చిరునామా) తీసుకోవాలి, లేదంటే ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని దారిని దాని మీదుగా కలపాలి. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి కాబట్టి దూరం వల్ల వేగం తగ్గుతుందన్న బెంగ అక్కరలేదు. రెండో చిక్కు వింతగా కనిపిస్తుంది: వీపీఎన్ కలిసినట్టే చూపుతుంది కాని ట్యాలీ కంప్యూటర్ మాత్రం దొరకదు. ఆఫీసులోనూ ఉద్యోగి ఇంట్లోనూ చిరునామాలు 192.168.1తోనే మొదలవుతుండడం దీనికి తరచు కారణం, ఆ కంప్యూటర్ ఏ ఇంటిదో వెతకవలసిన యంత్రానికే తెలియదు. ఉద్యోగుల ఇళ్ల రూటర్లను మార్చడం కంటే ఆఫీసు చిరునామాలనే 10.57.20 లాంటి అరుదైన వరసలోకి మార్చడం తేలిక. మూడోది, వీపీఎన్ వచ్చింది కదా అని ట్యాలీ డేటా ఫోల్డర్‌ను నేరుగా ఇంటి కంప్యూటర్‌లో తెరవవద్దు. ప్రతి పద్దుకూ అది చిన్న చిన్న ముక్కలుగా అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి నత్తనడక నడుస్తుంది, మధ్యలో నెట్ పోతే డేటా చెడిపోయే ప్రమాదమూ ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లోనే ట్యాలీ నడవాలి; దాని తెరను మాత్రమే ఇంట్లో చూడాలి.

వీపీఎన్ పనిచేస్తోందని చూసుకున్న వెంటనే, రూటర్‌లో పాత పోర్ట్‌ను మూసివేయడం మరవవద్దు. “ఎందుకైనా మంచిదని” దాన్ని అలాగే ఉంచిన ఆఫీసులను నేను చూశాను. మీ దగ్గర ఖాతాదారుల పాన్ నంబర్ల నుంచి బ్యాంకు వివరాల దాకా ఉంటాయి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చంటోంది. ఒక ఆడిట్ ఆఫీసుకు అంత జరిమానా వేస్తారని కాదు, కాని ఖాతాదారు అడిగినప్పుడు చెప్పుకోదగిన సమాధానం మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న: మేం మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. ఆర్డర్లు చూసే ఇద్దరు అమ్మాయిలూ ఇళ్ల నుంచే పనిచేస్తారు. ఫోన్‌లో ఉచితంగా దొరికే వీపీఎన్ యాప్ వేసుకోమని వాళ్లకు చెప్పాను. అది సరిపోతుందా? అసలు వీపీఎన్ వాడడమే నేరమని ఇంకొకరు భయపెట్టారు.
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఆ యాప్‌ను ఇద్దరి ఫోన్ల నుంచీ తీయించండి. పేరొకటే అయినా ఇవి రెండు వేర్వేరు వస్తువులు. సంస్థలు పెట్టుకునే వీపీఎన్ ఉద్యోగిని సొంత ఆఫీసుకు చేరుస్తుంది. ఫోన్‌లో ప్రకటనలు ఇచ్చే వీపీఎన్ మీ రాకపోకలన్నింటినీ ఎవరో తెలియని ఒక కంపెనీ సర్వర్‌కు చేర్చి, అక్కడి నుంచి బయటికి వదులుతుంది. అంటే మీ నెట్ కంపెనీ చూడకుండా చేసి, ఆ కంపెనీ చూసేలా చేస్తారు. అది ఉచితం కూడా అయితే దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఆలోచించాలి. ఫేస్‌బుక్ చేతిలో ఉన్న ఒనావో అనే ఉచిత వీపీఎన్, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో సేకరించి ఆ సంస్థకే అందించింది. 2018లో ఆపిల్ అభ్యంతరంతో అది యాప్ స్టోర్ నుంచి తొలగింది, 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఈ వ్యవహారంలో 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. హోలా అనే మరో ఉచిత యాప్ తనను వాడేవాళ్ల కనెక్షన్‌నే ఇతరులకు అమ్ముకుంటోందని 2015లో బయటపడింది.

నేరం సంగతి: మన దేశంలో వీపీఎన్ వాడకాన్ని నిషేధించే చట్టమేదీ లేదు. జమ్మూ కశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో శాంతిభద్రతల కారణంగా తాత్కాలిక ఉత్తర్వులు వచ్చాయి, అది వేరే విషయం. మీకు చెప్పినవారు విన్నది బహుశా 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల గురించి అయి ఉంటుంది. వీపీఎన్ సేవలు అమ్మే కంపెనీలు తమ చందాదారుల పేర్లు, చిరునామాల వంటి వివరాలను ఐదేళ్లపాటు భద్రపరచాలని అందులో ఉంది. అది ఇష్టం లేక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వంటివి మన దేశంలోని సర్వర్లను తీసేశాయి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం పెట్టుకునే వీపీఎన్‌లకు ఆ నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ ఆ తర్వాత వివరణ ఇచ్చింది.

నిజానికి మీకు వీపీఎన్ అవసరమే లేదు. ఆర్డర్లు వచ్చే వెబ్‌సైట్ మొదటే గుప్తీకరణతో (డేటాను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి) పనిచేస్తుంది, ఆఫీసులో దాచిన కంప్యూటరేదీ మీకు లేదు. ఇద్దరు అమ్మాయిలూ మీ లాగిన్‌తోనే పనిచేస్తుంటే మాత్రం అది ఆపి, ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వండి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ లాంటి రెండో రుజువు అడిగే రెండంచెల ధృవీకరణ పెట్టండి. ఖర్చు ఉండదు.

ప్రశ్న: అమెరికా ఆసుపత్రులకు మెడికల్ బిల్లింగ్ చేసే సంస్థ మాది. ముప్పై మంది సిబ్బందిలో ఎక్కువమంది ఇళ్ల నుంచి, సొంత ల్యాప్‌టాప్‌లలో పనిచేస్తున్నారు. పేరున్న కంపెనీ వీపీఎన్ పరికరం కొని పెట్టాం. ఇక మా డేటా భద్రంగా ఉన్నట్టేనా? అమెరికా క్లయింటు ఈ ప్రశ్నే అడుగుతున్నారు.
— ఒక మేనేజింగ్ పార్ట్‌నర్, విశాఖపట్నం

జవాబు: దారి భద్రంగా ఉంది. దారికి ఆ చివర ఎవరున్నారు, ఈ చివర ఆ దారి ఎంత దూరం తీసుకువెళుతోంది అన్న రెండూ చూడకుండా క్లయింటుకు అవునని చెప్పకండి.

2021 మే నెలలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ మీద జరిగిన దాడి మీ క్లయింటుకు బాగా గుర్తుండి ఉంటుంది. అమెరికా తూర్పు తీరానికి కావలసిన ఇంధనంలో సుమారు 45 శాతం మోసే ఆ గొట్టపు మార్గాన్ని ఆ సంస్థ మే 7న ఆపేయవలసి వచ్చింది, పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. డార్క్‌సైడ్ అనే ముఠా లోపలికి వచ్చింది వీపీఎన్ ద్వారానే. ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా తెరిచే ఉంది, దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో ధృవీకరణ లేదు, ఆ పాస్‌వర్డ్ ఎలాగో బయటికి పొక్కింది. అది తేలికైన పాస్‌వర్డ్ కూడా కాదని సంస్థ అధిపతి సెనెట్ కమిటీ ముందు చెప్పారు. సంస్థ ఆ ముఠాకు 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించింది, వాటిలో 63.7 బిట్‌కాయిన్లను ప్రభుత్వం తర్వాత తిరిగి పట్టుకుంది.

కాబట్టి మొదటగా ముప్పై మందికీ రెండో ధృవీకరణ పెట్టండి. ఫోన్‌లోని యాప్ ముప్పై సెకన్లకొకసారి మార్చే ఆరంకెల సంఖ్య చాలావరకు సరిపోతుంది. “అవును, నేనే” అని ఒక్క నొక్కుతో ఒప్పుకునే రకం కంటే ఇది నయం. 2022 సెప్టెంబరులో ఉబర్ సంస్థలో జరిగింది అందుకు సాక్ష్యం: ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ సంపాదించినవాడు అతని ఫోన్‌కు అనుమతి అడిగే సందేశాలను వరసగా పంపుతూ పోయాడు, విసిగిపోయిన ఆ మనిషి చివరికి ఒకదాన్ని ఒప్పుకున్నాడు. అయితే ఆరంకెల సంఖ్యను కూడా ఫోన్‌లో అడిగి రాబట్టవచ్చు. 2020 జూలైలో ట్విట్టర్‌లో ప్రముఖుల ఖాతాలను చేజిక్కించుకున్న కుర్రాళ్లు, ఇళ్ల నుంచి పనిచేస్తున్న ఉద్యోగులకు ఫోన్ చేసి, “ఐటీ విభాగం నుంచి మాట్లాడుతున్నాం, మీ వీపీఎన్ సమస్య చూడమన్నారు” అని చెప్పి నకిలీ లాగిన్ పేజీకి పంపారు. ఆ రోజుల్లో వీపీఎన్ సమస్య లేని ఉద్యోగి ఎవరు? అందుకే ఆ అబద్ధం అతికింది. మీ ఐటీ వాళ్లు ఫోన్ చేసి ఎన్నడూ కోడ్ అడగరని, అలా ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేసి తనకు తెలిసిన నంబర్‌కు తానే చేయాలని సిబ్బందికి తెలుగులో, నోటితో, ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఆంగ్లంలో పంపిన నాలుగు పేజీల విధాన పత్రాన్ని చివరిదాకా చదివినవారిని నేనింకా కలవలేదు.

సొంత ల్యాప్‌టాప్‌లే నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగిస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో చొరబడిన వైరస్‌ను వీపీఎన్ ఆపదు. పైగా ఎవరికీ కనిపించకుండా మీ సర్వర్ దాకా భద్రంగా మోసుకొస్తుంది. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే లాస్ట్‌పాస్ సంస్థకే 2022లో ఈ గతి పట్టింది: ఒక సీనియర్ ఇంజినీరు ఇంటి కంప్యూటర్‌లో ఉన్న వీడియోలు చూసే సాఫ్ట్‌వేర్ లోపం గుండా చొరబడి, కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ నమోదు చేసే ప్రోగ్రాము పెట్టి, ఆయన మాస్టర్ పాస్‌వర్డ్‌ను రాబట్టారు. పిల్లలు రాత్రి ఆటలు దించుకునే ల్యాప్‌టాప్‌లోనే తల్లి పొద్దున రోగుల బిల్లులు తెరుస్తుంటే, మీరు కొన్న పరికరం ఎంత ఖరీదైనదన్నది అప్రస్తుతం. ముప్పై ల్యాప్‌టాప్‌లు ఒకేసారి కొనలేకపోతే రోగుల వివరాలు తాకేవారికి ముందు ఇవ్వండి. అదీ కుదరకపోతే డేటా వాళ్ల యంత్రంలోకి దిగకుండా ఆఫీసు కంప్యూటర్ తెరను మాత్రమే చూపండి, కాపీ చేయడం, ప్రింటు తీయడం మూసేయండి. కీబోర్డు మీద కొట్టేవాటిని కనిపెట్టేవాడి నుంచి అది కాపాడదు, ఫైళ్లు ఇంటి కంప్యూటర్‌లో మిగిలిపోకుండా మాత్రం చూస్తుంది.

పరికరం పెట్టినవాళ్లు, లోపలికి వచ్చిన ప్రతి ఉద్యోగికీ ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం కనిపించేలా వదిలేశారేమో కూడా కనుక్కోండి. అలా వదిలేయడమే ఎక్కువ. బిల్లింగ్ చేసేవారికి బిల్లింగ్ సర్వర్ ఒక్కటి చాలు; జీతాల కంప్యూటర్, సీసీ కెమెరాలు, బ్యాకప్ డిస్కు వాళ్లకు కనిపించవలసిన పని లేదు. ముఖ్యంగా బ్యాకప్ డిస్కు.

ప్రశ్న: బెంగళూరు కంపెనీకి వరంగల్‌లో మా ఇంటి నుంచి పనిచేస్తాను. కంపెనీ ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ వేసుకున్నప్పుడు నేను చూసేవన్నీ వాళ్లకు కనిపిస్తాయా? వీపీఎన్ వేయగానే నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వరంగల్

జవాబు: మీ కంపెనీ దాన్ని ఎలా అమర్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆఫీసు పనికి సంబంధించినవి మాత్రమే వీపీఎన్‌లో వెళ్లి మిగతావి మీ ఇంటి నెట్‌లోనే పోయే అమరికను స్ప్లిట్ టన్నెల్ అంటారు. అలా కాక అన్నీ వీపీఎన్‌లోనే వెళుతుంటే, మీరు ఏ వెబ్‌సైట్‌కు ఎప్పుడు వెళ్లారో కంపెనీకి తెలుస్తుంది. ఆ పేజీలో ఏం చదివారో సాధారణంగా తెలియదు, కాని గుప్తీకరణను మధ్యలో విప్పి చూసేందుకు వీలిచ్చే తన సర్టిఫికెట్‌ను కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉంచి ఉంటే అదీ తెలిసే వీలుంది. తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది: వీపీఎన్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి మీ ఐపీ చిరునామా చూపే వెబ్‌సైట్ తెరవండి. చిరునామా మారితే అన్నీ కంపెనీ మీదుగా పోతున్నట్టు లెక్క. మారకపోయినా ఆ ల్యాప్‌టాప్ కంపెనీదే, అందులో వాళ్లు పెట్టిన ఇతర సాఫ్ట్‌వేర్‌కు వీపీఎన్‌తో పనిలేదు. బ్యాంకు పని, ఆసుపత్రి రిపోర్టులు, పెళ్లి సంబంధాల ఫొటోలు మీ ఫోన్‌లో చూసుకోండి.

నెమ్మదించడానికి గుప్తీకరణ కారణం కావడం ఇప్పుడు తక్కువ. ఎక్కువగా దూరమే కారణం. కంపెనీ వీపీఎన్ సర్వర్ అమెరికాలో ఉంటే, హైదరాబాద్‌లోనే దొరికే వీడియో కూడా సముద్రాలు దాటి వెళ్లి తిరిగి రావాలి, ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. వీడియో సమావేశాలను మాత్రం వీపీఎన్ బయట పెట్టమని ఐటీ వాళ్లను అడగండి, అది న్యాయమైన కోరికే. ఇంకొక రకం ఇబ్బంది ఉంది: వీపీఎన్ కలుస్తుంది, కొన్ని పేజీలు వస్తాయి, కొన్ని తెల్లగా ఉండిపోతాయి. ఒక్కో డేటా పొట్లం మామూలుగా 1500 బైట్ల దాకా ఉంటుంది; వీపీఎన్ దాని మీద తన తొడుగు వేసేసరికి అది దారిలో పట్టదు. పొట్లం గరిష్ఠ పరిమాణాన్ని నిర్ణయించే ఎంటీయూ అనే విలువను 1420కో, అంతకు కొంచెం కిందికో దించమని ఐటీ వాళ్లకు చెప్పండి. మీరు ఆ మాట వాడితే వాళ్లు “ల్యాప్‌టాప్ ఒకసారి ఆపి వేయండి” అనడం మానేస్తారు.

ప్రశ్న: డాలస్‌లో చిన్న కన్సల్టింగ్ సంస్థ నడుపుతున్నాను, ఆరుగురు ఖమ్మం నుంచి పనిచేస్తారు. మా ఈమెయిల్, ఫైళ్లు, లెక్కలు అన్నీ క్లౌడ్‌లోనే ఉన్నాయి. వీపీఎన్‌ల కాలం చెల్లిందని, ఇప్పుడు జీరో ట్రస్ట్ అని ఒక విక్రేత చెబుతున్నాడు. నిజమేనా?
— ఒక ప్రవాస పాఠకుడు, డాలస్

జవాబు: సగం నిజం, సగం అమ్మకం. లోపల ఉన్నవాడిని నమ్మడం, బయట ఉన్నవాడిని అనుమానించడం అనే పద్ధతి మానేసి, ప్రతి అభ్యర్థనకూ మనిషినీ యంత్రాన్నీ తనిఖీ చేయాలన్నది జీరో ట్రస్ట్ ఆలోచన. 2009లో తనపై జరిగిన దాడి తర్వాత గూగుల్ ఈ పద్ధతిని తన ఉద్యోగులకు అమలు చేసి, బియాండ్‌కార్ప్ పేరుతో 2014 నుంచి వివరాలు ప్రచురించింది. మంచి ఆలోచనే, కాని ఆరుగురి కోసం కొత్త పెట్టె కొననక్కరలేదు. అన్నీ క్లౌడ్‌లో ఉన్న మీకు వీపీఎన్ చేయగలిగే పని కొంచెమే. ఆ క్లౌడ్ సేవల్లోనే రెండంచెల ధృవీకరణను తప్పనిసరి చేసి, మీరు నమోదు చేసిన ల్యాప్‌టాప్‌లనే అనుమతించే అమరిక ఉంటే దాన్ని వాడుకోండి.

వీపీఎన్ పెట్టె కొంటే దాన్ని చూసుకునేవాడు కూడా కావాలన్నది విక్రేతలు దాటవేసే మాట. అది ఎప్పుడూ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి అందులోని లోపమే దొంగకు తలుపు. 2024 జనవరి చివర్లో, ఇవాంటీ కంపెనీ వీపీఎన్ పరికరాలను 48 గంటల్లోగా నెట్‌వర్క్ నుంచి విడదీయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అక్కడి కేంద్ర కార్యాలయాలకు ఆదేశమివ్వవలసి వచ్చింది. అంతకుముందు ఫోర్టినెట్ పరికరాల్లోని ఒక లోపానికి 2019లోనే సవరణ వచ్చినా, సుమారు 87,000 పరికరాల లాగిన్ వివరాలు 2021 సెప్టెంబరులో బయటపడ్డాయి. సవరణ వేసుకున్నవాళ్లలో కూడా కొందరు పాస్‌వర్డ్‌లు మార్చలేదు. దొంగ ముందే కాపీ తీసుకున్న తాళంచెవికి కొత్త తలుపు కూడా తెరుచుకుంది.

ప్రశ్న: మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంటెంట్ రెండు నెలల కిందట మానేశాడు. మనస్పర్థలేవీ లేవు. మేం వాడేది వైర్‌గార్డ్. అతని వీపీఎన్ తీసేయాలని ఇప్పుడే గుర్తొచ్చింది. తీసేస్తే చాలా?
— ఒక యజమాని, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ఉత్తరం చదువుతూ ఉండగానే తీసేయండి. మీరు వాడేది వైర్‌గార్డ్ అని రాశారు కాబట్టి అతని పేరిట ఉన్న పీర్ అనే భాగాన్ని తొలగిస్తే చాలు, ఆ క్షణం నుంచే దారి మూసుకుంటుంది. అందరూ ఒకే ఫైలును పంచుకుని వాడుతుంటే మాత్రం అందరికీ కొత్త తాళాలు చేయించక తప్పదు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చి, పక్కన పేరు రాసుకోండి. అతనికి తెలిసిన మిగతా పాస్‌వర్డ్‌లు కూడా మార్చాలి: ట్యాలీ, రూటర్, జీఎస్టీ పోర్టల్, ఆఫీసు ఈమెయిల్, ఫాస్టాగ్ ఖాతా. అతని మీద అనుమానంతో కాదు. అతని పాత ల్యాప్‌టాప్ రేపు ఎవరి చేతికి పోతుందో అతనికీ తెలియదు.

తొలగించే ముందు ఒక్క నిమిషం ఆగి ఒకటి చూడండి. సర్వర్‌లో డబ్ల్యూజీ షో అనే ఆదేశం ఇస్తే ఒక్కో తాళంచెవి ఎదురుగా, అది చివరిసారి ఎప్పుడు కలిసిందో లేటెస్ట్ హ్యాండ్‌షేక్ అనే మాట పక్కన కనిపిస్తుంది. అది రెండు నెలల కిందటిదైతే, లేక సర్వర్‌ను ఈమధ్య ఆపి మళ్లీ వేసినందువల్ల అక్కడ ఏమీ లేకపోతే, తొలగించి మీ పని చూసుకోండి. నిన్న రాత్రిదైతే ఆ తెరను ఫొటో తీసి, రూటర్, సర్వర్ లాగ్‌లను (ఎవరు ఎప్పుడు వచ్చారో నమోదయ్యే జాబితాలను) చెరిపేయకుండా పక్కన పెట్టి, ముందు అతనికే ఫోన్ చేసి కనుక్కోండి. పాత ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ తనంత తానే కలుస్తూ ఉండిపోవడం చాలాసార్లు జరిగేదే. అతనికి తెలియదంటే చొరబాటు జరిగినట్టే భావించాలి. అలాంటి సంఘటన గమనించిన ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని ఇంతకుముందు చెప్పిన 2022 ఆదేశాల్లోనే ఉంది, లాగ్‌లను 180 రోజులు ఉంచాలన్నదీ అందులోనిదే. డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.